కఢీ చావల్, ఆలూ గోభీ: నలుగురికి పంజాబీ ఇంటి రాత్రి భోజనం

మీరు అడిగింది ఇది: పంజాబీ ఇళ్లలో రాత్రిపూట తినే మామూలు శాకాహార భోజనం ఇంట్లో నలుగురికి చేయాలి. కఢీ పకోడా (పుల్లటి పెరుగులో శనగపిండి కలిపి మరిగించి, పకోడీలు వేసేది) ప్రయత్నిస్తే ఒకసారి విరిగింది, ఇంకోసారి పచ్చి శనగపిండి వాసన పోలేదు, పకోడీలు కఢీలో వేసినా నానకుండా గట్టిగానే మిగిలాయి.

ఈ మూడింటికీ మూలం ఒకటే. కఢీని చూడగానే మన చేతికి మజ్జిగ పులుసు గుర్తొస్తుంది, ఆ పద్ధతే పట్టుకుంటాం. మజ్జిగ పులుసు ఒక పొంగు రాగానే దించేస్తాం, ఎక్కువ మరిగితే పాడవుతుందని భయం. పకోడీ అంటే నీళ్లు చిలకరించి కరకరలాడేలా వేయిస్తాం. ఆ రెండు అలవాట్లూ వాటి చోట సరైనవే. పంజాబీ కఢీకి మాత్రం రెండూ తలకిందులు కావాలి: మజ్జిగ ముప్పావుగంట మరగాలి, పకోడీ మెత్తగా, లోపల గుల్లగా ఉండాలి.

కఢీని ఎంచుకోవడం మంచిదే. హోటల్లో పంజాబీ అంటే జీడిపప్పు ముద్ద, క్రీము, పనీర్. ఇటు అమృత్‌సర్‌లోనైనా అటు లాహోర్‌లోనైనా ఇళ్లలో పొయ్యి మీద కనిపించేవి రాజ్మా, పొట్టు మినుముల దాల్, చలికాలంలో ఆవాకు సాగ్, కఢీ లాంటివి. గుజరాతీ కఢీ పల్చగా, తియ్యగా ఉంటుంది. సింధీ కఢీలో పెరుగే ఉండదు, చింతపండు పులుపుతో కూరగాయలు వేసి చేస్తారు. పంజాబీ కఢీ చిక్కన, పుల్లన, తీపి లేశమైనా ఉండదు. దీని పక్కన అన్నం, ఒక పొడి కూర, నాలుగు ఫుల్కాలు, ఉల్లిపాయ ఉంటే భోజనం నిండిపోతుంది. పొడి కూరకు ఆలూ గోభీ (బంగాళాదుంప, కాలీఫ్లవర్) చెబుతున్నాను, టమాటా లేకుండా. కఢీయే పుల్లగా ఉంటుంది కాబట్టి పక్కన ఇంకో పులుపు పెడితే రెండింటి రుచీ తెలియదు.

మొదట పెరుగు సంగతి చూసుకోండి, అదీ ముందు రోజే. పంజాబ్ పల్లెల్లో కఢీకి వాడేది వెన్న తీశాక మిగిలిన పుల్లటి లస్సీ. పులుపు లేని పెరుగుతో చేసిన కఢీ శనగపిండి జావలా ఉంటుంది, ఎంత మసాలా వేసినా కోలుకోదు. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచినంత మాత్రాన పెరుగు పెద్దగా పులవదు. వేసవిలో 8 నుంచి 10 గంటలు, చలికాలంలో రాత్రంతా బయట ఉంచండి. నాలుక చివర చురుక్కుమనాలి, దుర్వాసన మాత్రం రాకూడదు. సమయం లేకపోతే ఉన్న పెరుగుతోనే చేసి చివర్లో అర టీస్పూను ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) కలపండి. నిమ్మరసం వద్దు, దాని వాసన కఢీకి అతకదు. విదేశాల్లో దొరికే గ్రీక్ యోగర్ట్ నీరు వడకట్టింది కాబట్టి చిక్కన ఎక్కువ, దానికి తగ్గ పులుపు ఉండదు. వేరే దారి లేకపోతే ఒక కప్పు యోగర్ట్‌కు ఒక కప్పు నీళ్లు కలిపి దాన్ని రెండు కప్పుల పెరుగుగా లెక్కేసుకోండి, పులుపు చివర్లో ఆమ్‌చూర్‌తో సరిచేయండి. కొవ్వు తీసిన పెరుగు త్వరగా విరుగుతుంది, వద్దు.

శనగపిండి పచ్చిశనగపప్పుది కావాలి, సన్నగా ఆడించింది. విదేశీ దుకాణాల్లో చిక్‌పీ ఫ్లోర్ పేరుతో దొరికేది కొన్నిసార్లు తెల్ల కాబూలీ శనగలతో చేసినది. నీళ్లు పీల్చే తీరు, రుచి రెండూ తేడాగా ఉంటాయి. భారతీయ దుకాణంలో బేసన్ అని అడిగి తీసుకోండి. లడ్డూల కోసం అమ్మే రవ్వలాంటి పిండి కూడా వద్దు.

నలుగురికి కొలతలు (కప్పు అంటే 240 మిల్లీలీటర్లు): పుల్లటి పెరుగు 2 కప్పులు, శనగపిండి అర కప్పు (సుమారు 50 గ్రాములు), నీళ్లు 5 కప్పులు, పసుపు ముప్పావు టీస్పూను, కారం ఒక టీస్పూను. ముందు శనగపిండిని జల్లించి పెరుగులో వేసి, నీళ్లు కలపకుండానే కవ్వంతో ఉండలు లేకుండా గిలకొట్టండి. చిక్కగా ఉన్నప్పుడే ఉండలు చితుకుతాయి, పల్చబడ్డాక అవి కవ్వానికి దొరకవు. తర్వాత పసుపు, కారం వేసి నీళ్లు కొద్దికొద్దిగా పోసి, ఒకసారి వడకట్టండి. వడకట్టడం అనవసరమనిపిస్తుంది కానీ అడుగంటే కఢీల్లో చాలావాటికి కారణం అడుగున కూర్చున్న ఉండలే.

గిన్నె అడుగు మందంగా ఉన్న స్టీలుది, పోసిన దానికి రెట్టింపు పట్టేది. కఢీ పాలలా పొంగుతుంది. ఇనుప మూకుడు వద్దు, పులుపుకు ఇనుము దిగి రంగు నల్లబడుతుంది, రుచి లోహంగా మారుతుంది. మట్టి పాత్ర ఉంటే ఇంకా మంచిది. కుక్కర్ అసలే వద్దు, నురగ వెళ్లి ఆవిరి గొట్టానికి అడ్డుపడుతుంది.

నూనె ఆవనూనె, 2 టేబుల్ స్పూన్లు. సన్నగా పొగ లేచేదాకా కాచి, మంట ఆపి ఒక నిమిషం చల్లారనివ్వండి, అప్పుడే ఘాటు తగ్గుతుంది. అమెరికాలో ఉన్నవారికి ఒక మాట: అక్కడ అమ్మే ఆవనూనె సీసాల్లో చాలావాటి మీద, ఆ నూనెలో ఉండే ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కారణంగా బయటి వాడకానికి మాత్రమే అని రాసి ఉంటుంది. ఆ సీసా జోలికి పోకుండా నెయ్యి గానీ వేరుశనగ నూనె గానీ వాడి, పోపులో అర టీస్పూను ఆవాలు ఎక్కువ వేసుకోండి.

నూనెలో మెంతులు అర టీస్పూను, జీలకర్ర ఒక టీస్పూను, కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు ఒక టీస్పూను, రెండు ఎండుమిర్చి, రెండు చిటికెల ఇంగువ. మెంతులు ఎర్రబడగానే తర్వాతివి వేసేయాలి. నల్లబడితే మొహమాటపడకుండా ఆ పోపు పారేసి మళ్లీ మొదలుపెట్టండి, ఆ చేదు ముప్పావుగంట మరిగితే గిన్నె అంతా పాకుతుంది. తర్వాత సన్నగా తరిగిన అల్లం ఒక టేబుల్ స్పూను, రెండు పచ్చిమిర్చి, పొడవుగా కోసిన ఒక ఉల్లిపాయ. ఉల్లిపాయ మెత్తబడితే చాలు, ఎర్రగా వేగనక్కర్లేదు. కరివేపాకు వేయొచ్చు గానీ ఎక్కువైతే రుచి మన మజ్జిగ పులుసు వైపు జరిగిపోతుంది.

ఇప్పుడు మంట బాగా తగ్గించి పెరుగు మిశ్రమం పోయండి. ఇక్కడి నుంచి మొదటి పొంగు వచ్చేదాకా గరిటె ఆగకూడదు. మధ్య మంట మీద 10, 12 నిమిషాలు పడుతుంది. కఢీ విరిగేదంతా ఈ పన్నెండు నిమిషాల్లోనే. పెరుగులో ప్రోటీను పులుపు వల్ల అప్పటికే గడ్డకట్టి ఉంటుంది. వేడి తగిలేసరికి అది ఇంకా ముడుచుకుని, నీటిని వదిలేసి పలుకులవుతుంది. శనగపిండిలోని పిండి పదార్థం వేడికి ఉబ్బి ఆ ప్రోటీను ఒకదానికొకటి అంటుకోకుండా అడ్డుపడుతుంది. పిండి ఉబ్బేలోగా ఒకచోట వేడి ఎక్కువైతే అక్కడ విరుగుతుంది, అందుకే కలపడం. ఒకసారి పొంగి చిక్కబడిందంటే ఇక విరుగుతుందని బెంగ అక్కర్లేదు, ఎంతసేపు మరిగినా కట్టుబడి ఉంటుంది. ఉప్పు ఈ పొంగు వచ్చాకే, ఒకటిన్నర టీస్పూను. ముందే వేస్తే విరిగే అవకాశం పెరుగుతుంది.

పొంగగానే మంట సన్నగా చేసి, మూత వారగా పెట్టి 40 నుంచి 45 నిమిషాలు వదలండి. ఐదు నిమిషాలకొకసారి గరిటెతో అడుగు గీరుతూ కలపాలి. పదిహేను నిమిషాలకే చిక్కబడి అయిపోయినట్టు కనిపిస్తుంది, చాలామంది దించేది అక్కడే. మీకు పచ్చివాసన వచ్చింది కూడా అందుకే అయి ఉంటుంది. చిక్కదనాన్ని చూసి మోసపోకండి. గిన్నె అంచు చుట్టూ ఎండిన పొర కట్టాలి, లేత పసుపు కాస్తా ముదురు రంగుకు తిరగాలి, పైన అక్కడక్కడ నూనె మెరవాలి, చెంచాతో తీసి నాలుక మీద వేసుకుంటే పిండి తగలకూడదు. మధ్యలో మరీ చిక్కబడితే మరిగే నీళ్లే పోయండి, చన్నీళ్లు పోస్తే మరగడం ఆగిపోతుంది. పకోడీలు వేసే ముందు కఢీ మీరు తినాలనుకునే దానికన్నా పల్చగా ఉండాలి, ఎందుకంటే అవి పీల్చుకుంటాయి.

కఢీ మరుగుతుండగా పకోడీల పని. శనగపిండి ఒక కప్పు, వాము అర టీస్పూను అరచేతిలో నలిపి, దంచిన ధనియాలు ఒక టీస్పూను, కారం అర, ఉప్పు అర. నీళ్లు ముందు 80 మిల్లీలీటర్లు పోసి, తర్వాత చెంచా చెంచాగా, పునుగుల పిండి జారుకు వచ్చేదాకా కలపండి. ఇప్పుడు నాలుగైదు నిమిషాలు చేత్తో ఒకే వైపు గిలకొట్టాలి. పిండి రంగు తేలికపడుతుంది, బరువు తగ్గినట్టు చేతికి తెలుస్తుంది. గిన్నెడు నీళ్లలో ఒక చుక్క వేసి చూడండి: తేలితే సిద్ధం, మునిగితే ఇంకా కొట్టాలి. ఈ పని చేస్తే వంటసోడా అవసరమే ఉండదు. వేయాలనుకుంటే ఒక్క చిటికె, అంతకు మించితే పకోడీ నూనె తాగి, కఢీలో పడగానే విచ్చిపోతుంది.

ఒక పెద్ద ఉల్లిపాయ సన్నగా తరిగి, లేదా గుప్పెడు పాలకూర గానీ మెంతికూర గానీ కోసి, నూనె కాగాకే పిండిలో కలపండి. ముందే కలిపితే ఉప్పుకు ఉల్లిపాయ నీరు వదిలి పిండి జారిపోతుంది. అప్పుడు ఇంకాస్త శనగపిండి చల్లుతాం, అది గిలకొట్టని పిండి, పకోడీ గట్టిపడటానికి ఒక కారణం అదే. రెండో కారణం మంట. నూనె బాగా కాగిపోతే పైన వెంటనే గట్టి పెంకు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది, ఆ పెంకులోంచి కఢీ లోపలికి పోదు. మధ్య మంట మీద, ఉసిరికాయంత పకోడీలు, నాలుగైదు నిమిషాలు, బంగారు రంగు దాకా. కరకరలాడించడం కోసం రెండోసారి వేయించకండి. ఈ పిండికి 16 నుంచి 20 వస్తాయి. పిల్లలు ఉన్న ఇంట్లో కఢీ దాకా చేరేవి కొన్ని తగ్గుతాయి కాబట్టి పిండి కాస్త ఎక్కువే కలుపుకోండి.

వేడి పకోడీలు వేడి కఢీలో వేసి మూడు నిమిషాలు మాత్రమే మరిగించి, మంట ఆపి మూతపెట్టి 10 నుంచి 15 నిమిషాలు కదపకండి. ఆ పావుగంటలోనే పకోడీ మధ్యదాకా పులుపు చేరుతుంది. పకోడీలు ముందే చేసి చల్లారిపోయి ఉంటే గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు వేసి, మెల్లగా నొక్కి, అప్పుడు కఢీలో వేయండి.

చివరి తాలింపు వడ్డించే ముందే. నెయ్యి ఒకటిన్నర టేబుల్ స్పూను, జీలకర్ర అర టీస్పూను, రెండు ఎండుమిర్చి. మంట ఆపేశాక అర టీస్పూను కశ్మీరీ కారం వేసి వెంటనే కఢీ మీద పోయాలి. మంట మీద ఉండగా వేస్తే కారం క్షణాల్లో మాడుతుంది. ఒక టీస్పూను కసూరీ మేథీ (ఎండు మెంతికూర) నలిపి చల్లి మూతపెట్టండి.

ఆలూ గోభీలో ఒక్కటే కిటుకు: నీళ్లు. ఎక్కడా చుక్క ఉండకూడదు. గోభీ 400 గ్రాములు, బంగాళాదుంప 250 గ్రాములు. గోభీ పువ్వుల్ని ఉప్పు, పసుపు వేసిన వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి (పురుగులుంటే బయటికొస్తాయి) తీసి, గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి గోభీ మూకుడులో వేగదు, ఉడికి మెత్తబడుతుంది. దుంప ముక్కలు చిన్నవిగా, 2 సెంటీమీటర్లు. గోభీ పువ్వులు దానికి రెట్టింపు, ఎందుకంటే గోభీ ముందు ఉడుకుతుంది. వెడల్పు మూకుడులో మూడు టేబుల్ స్పూన్ల నూనె వేసి దుంపల్ని మూత లేకుండా అంచులు ఎర్రబడేదాకా ఆరేడు నిమిషాలు వేయించండి. పక్కకు జరిపి ఒక టీస్పూను జీలకర్ర, రెండు అంగుళాల అల్లం సన్నటి పుల్లల్లా కోసి, రెండు పచ్చిమిర్చి, పసుపు, కారం. అల్లం ఎక్కువనిపిస్తుంది, తగ్గించకండి, ఈ కూరకు వాసన దానిదే. గోభీ, ఉప్పు వేసి ఒకసారి ఎగరేసి, సన్న మంట మీద మూత వారగా పెట్టి ఆరేడు నిమిషాలు. మూత గట్టిగా పెడితే ఆవిరి నీరై కూరలోకే కారుతుంది. తర్వాత రెండు టీస్పూన్ల ధనియాల పొడి చల్లి, మూత తీసి నాలుగైదు నిమిషాలు, గరిటె రెండుసార్లకు మించి పెట్టకుండా. దించేముందు అర టీస్పూను గరం మసాలా, కొత్తిమీర. దీనికి ఇనుప మూకుడు శ్రేష్ఠం, పులుపు లేదు కాబట్టి భయం లేదు. మామూలు రోజుల్లో చివర్లో ఆమ్‌చూర్ వేస్తారు, ఈ రాత్రికి మానేయండి.

అన్నం పాత బాస్మతిది. ఒకటిన్నర కప్పు బియ్యం అరగంట నానబెట్టి, 8 కప్పుల మరిగే ఉప్పునీళ్లలో వేసి 7 నుంచి 9 నిమిషాలు ఉడికించి, గింజ మధ్యలో సన్నటి పలుకు ఉండగానే గంజి వార్చి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. చెంచాడు నెయ్యిలో జీలకర్ర, ఒక నల్ల యాలక్కాయ వేయించి కలిపితే చాలు. సోనా మసూరి అయినా బాగానే ఉంటుంది, పొడిపొడిగా వార్చుకోండి.

ఫుల్కాలు మనం చేసే నూనె మడతల చపాతీలు కావు. రెండు కప్పుల గోధుమపిండికి సుమారు 160 మిల్లీలీటర్ల నీళ్లు, నూనె వద్దు, మెత్తగా కలిపి అరగంట తడిగుడ్డ కప్పి ఉంచండి. పెనం బాగా కాగాలి. మొదటి వైపు రంగు మారగానే, అంటే 20, 30 సెకన్లకే తిప్పాలి. రెండో వైపు మచ్చలు వచ్చేదాకా ఉంచి, మొదటి వైపు నేరుగా మంట మీద పెడితే పొంగుతుంది. పొంగకపోతే మొదటి వైపు ఎక్కువసేపు కాల్చారనో, అంచు పల్చన మధ్య మందం అయిందనో అర్థం. దించగానే పైన నెయ్యి రాసి గుడ్డలో చుట్టండి.

పని వరుస ఇలా పెట్టుకుంటే కఢీ పొయ్యికెక్కాక గంటంబావులో అన్నీ బల్ల మీదికొస్తాయి: గోభీ ఆరబెట్టి, పిండి తడిపి, బియ్యం నానబోసి కఢీ పొయ్యికెక్కించండి. అది పొంగేదాకా వేరే పని పెట్టుకోవద్దు. మంట తగ్గించాక పకోడీల పిండి గిలకొట్టి వేయించండి, ఆ వెంటనే ఆలూ గోభీ. కఢీలో పకోడీలు నానే పావుగంటలో అన్నం, ఫుల్కాలు. ఉల్లిపాయ చివర్లో, అరచేత్తో చితక్కొట్టి, పొరలు విడదీసి, ఉప్పు చల్లి. పక్కన సోంపు, మెంతులు, ఆవనూనెతో పెట్టిన పంజాబీ మామిడికాయ పచ్చడి బాగుంటుంది. మన ఆవకాయ ఆవపిండి ఘాటు కఢీ మీద ఎక్కి కూర్చుంటుంది, ఇక్కడ పక్కన పెట్టడమే మేలు.

కఢీ ఇప్పటికే విరిగిపోతే పారేయక్కర్లేదు. దించి కాస్త చల్లార్చి, ఒక టేబుల్ స్పూను శనగపిండిని పావు కప్పు నీళ్లలో కలిపి పోసి, మిక్సీలోనో బ్లెండర్‌తోనో నున్నగా తిప్పి, కలుపుతూ మళ్లీ మరిగించండి. పోపులో వేసిన ఉల్లిపాయ, ఎండుమిర్చి ముందే ఏరేయాలి. రుచి నిలుస్తుంది, నునుపు మాత్రం కొంచెం తగ్గుతుంది. పులుపు ఎక్కువైతే చక్కెర వేయకండి, అర కప్పు పాలు పోసి ఐదు నిమిషాలు మరిగించండి.

మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. మర్నాటికి కఢీ గడ్డలా చిక్కబడుతుంది, అరకప్పు వేడినీళ్లు పోసి సన్న మంట మీద కలుపుతూ వేడిచేసి, కొత్తగా నెయ్యి తాలింపు పెట్టండి. రాత్రే ఎక్కువ చేసి ఉంచాలనుకుంటే మర్నాటి పకోడీలు విడిగా డబ్బాలో పెట్టండి, రాత్రంతా కఢీలో ఉన్నవి గరిటె తగలగానే విడిపోతాయి.